ఉల్లిపాయలో ఉన్నదే కదా, క్యాప్సూల్‌గా మింగితే తప్పేంటి?

ప్రశ్న: నాకు 63 ఏళ్లు. లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాను. మాది తెనాలి. మూడేళ్ల కిందట గుండెకి స్టెంట్ వేశారు. అప్పట్నుంచి ఆస్పిరిన్ 75, రాత్రి పూట కొలెస్ట్రాల్‌కి అటార్వాస్టాటిన్, పొద్దున బీపీకి టెల్మిసార్టాన్ 40 వాడుతున్నాను. డాలస్‌లో ఉన్న మా అబ్బాయి ఈమధ్య వచ్చినప్పుడు క్వెర్సెటిన్ అనే క్యాప్సూళ్ల డబ్బాలు రెండు తెచ్చాడు. ఉల్లిపాయల్లో, ఆపిల్‌లో ఉండే ఫ్లేవనాయిడ్ అట. గుండెకి, బీపీకి, ఎలర్జీకి, కీళ్లకి అన్నిటికీ మంచిదట. రెండు క్యాప్సూళ్లలో క్వెర్సెటిన్ 1000 మి.గ్రా., జింక్ 30 మి.గ్రా., బ్రొమెలైన్ కొంత అని రాసి ఉంది. పది రోజులుగా పొద్దున రెండు, రాత్రి రెండు వేసుకుంటున్నాను. ఎప్పుడూ 140 దగ్గర ఉండే బీపీ మొన్న 126 వచ్చింది. దాంతో ధైర్యం వచ్చి మూడు రోజులుగా బీపీ మాత్ర సగమే వేసుకుంటున్నాను. పూర్తిగా మానేయొచ్చా? మా ఆవిడకి థైరాయిడ్ ఉంది. పొద్దున లేవగానే తుమ్ములు, మోకాళ్ల నొప్పులు. ఆమె కూడా రోజుకొకటి వేసుకుంటోంది. ఉల్లిపాయ తొక్కల టీ తాగినా ఇదే ఫలితం వస్తుందని ఎక్కడో చూసిందట. అది నిజమేనా అని కూడా అడగమంది.
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మాస్టారూ, కబుర్లన్నీ తర్వాత. ముందు బీపీ మాత్ర రేపు పొద్దున్నుంచి మళ్లీ పూర్తిగా వేసుకోండి. ఆస్పిరిన్, అటార్వాస్టాటిన్ జోలికి అసలు వెళ్లకండి. స్టెంట్ ఉన్నవాళ్లు ఆస్పిరిన్‌ని సొంతంగా ఆపడం ఎంత ప్రమాదమో మీ గుండె డాక్టరు ఎప్పుడో చెప్పే ఉంటారు. అబ్బాయి తెచ్చిన క్యాప్సూళ్లు మాత్రం ఇవాళే ఆపేయండి. వాటిని మెల్లమెల్లగా తగ్గించుకుంటూ రావాల్సిన పనేమీ లేదు. ఈ పది రోజుల్లో చిగుళ్ల నుంచి రక్తం రావడం, ఒంటిమీద తగలకుండానే కమిలిన మచ్చలు, విరేచనం నల్లగా రావడం లాంటివి కనిపించాయా? కనిపిస్తే ఈ జవాబు చదవడం ఆపి ఆస్పత్రికి వెళ్లండి. లేకపోతే తీరిగ్గా మాట్లాడుకుందాం.

126 సంగతి తేలుద్దాం. మీరు లెక్కల మాస్టారు. ఒక్క బిందువు పెట్టి గీత గీయమంటే పిల్లల్ని ఊరుకునేవారా? బీపీ రోజంతా మారుతూనే ఉంటుంది. మెట్లెక్కి వచ్చి చూసుకుంటే ఒక అంకె, ఐదు నిమిషాలు వీపు ఆనించి, కాళ్లు నేలకి పెట్టి, మాట్లాడకుండా కూర్చుని చూసుకుంటే ఇంకో అంకె. చెయ్యి ఒళ్లో పెట్టుకుంటే ఒకటి, గుండె ఎత్తున బల్లమీద పెట్టుకుంటే మరొకటి. కాస్త చలికాలం వస్తేనే పెరుగుతుంది. అబ్బాయి ఇంటికొచ్చాడన్న సంతోషంలో తగ్గి ఉండొచ్చు కూడా, నవ్వకండి. పైగా ఆ 126 వచ్చిన రోజున మీ ఒంట్లో టెల్మిసార్టాన్ ఉంది. ఆ మందు ప్రభావం రోజు దాటి ఉంటుంది. మాత్ర సగం చేసిన రెండు మూడు రోజులకీ అంకె బాగానే కనిపిస్తుంది. అసలు సంగతి వారం పది రోజులు పోయాక బయటపడుతుంది. ఈలోపు మనిషి ధీమాగా మాత్ర మానేసి ఉంటాడు. నేను చూసిన కేసుల్లో జరిగేది ఇదే. ఎంతోకాలం కష్టపడి పనిచేసిన పాత మందుకి పేరు రాదు, నిన్నగాక మొన్న వచ్చిన కొత్త డబ్బాకి వస్తుంది.

ఇక మీ అసలు ప్రశ్న. ఉల్లిపాయలో ఉన్నదే కదా అన్నారు. నిజమే, ఉంది. ఉల్లి చేసిన మేలు తల్లి కూడా చేయదని మనవాళ్లు ఊరికే అనలేదు. కానీ ఉల్లిపాయ గురించి నిజమైనదంతా క్యాప్సూల్ గురించి కూడా నిజమవుతుందా? అక్కడే చిక్కు.

క్వెర్సెటిన్ పసుప్పచ్చటి పొడి. ఓక్ చెట్టుకి లాటిన్‌లో ఉన్న మాట నుంచి దీనికి ఆ పేరొచ్చింది. ఫ్లేవనాయిడ్ అనే మాటలో ఉన్న ‘ఫ్లేవస్’కి అర్థం కూడా పసుపు రంగే. ఎండకి, పురుగుకి, తెగులుకి తట్టుకోవడానికి మొక్కలు తయారు చేసుకునే వేల రకాల పదార్థాల కుటుంబం ఇది. ఉల్లిలో, ఆపిల్ తొక్కలో, తేయాకులో, మునగాకులో క్వెర్సెటిన్ బాగా ఉంటుంది. నేరేడు పండుకి ఆ ఊదా రంగు ఇచ్చేది దీని బంధువే.

ఈ కుటుంబం మీద మోజు కొత్తదేం కాదు. విటమిన్ సి మీద చేసిన పనికి 1937లో నోబెల్ అందుకున్న హంగేరీ శాస్త్రవేత్త ఆల్బర్ట్ సెంట్ గ్యోర్గీ, అంతకు ముందు ఏడాదే నిమ్మజాతి పళ్ల నుంచి తీసిన ఫ్లేవనాయిడ్లు సన్నటి రక్తనాళాల గోడల్ని గట్టిపరుస్తున్నాయని చెప్పి ‘విటమిన్ పి’ అని పేరు పెట్టారు. విటమిన్ అంటే అది లేకపోతే జబ్బు రావాలి. ఫ్లేవనాయిడ్లు తినకపోతే వచ్చే ఫలానా జబ్బు అంటూ ఎవరికీ దొరకలేదు. 1950 ప్రాంతానికి ఆ పేరు వాడుకలోంచి పోయింది. పేరు పోయినా ఆశ పోలేదు.

ఆ ఆశకి మళ్లీ ఊపిరి పోసింది 1993లో నెదర్లాండ్స్ నుంచి వచ్చిన ఒక అధ్యయనం. జూట్ఫెన్ అనే ఊళ్లో 65 నుంచి 84 ఏళ్ల మధ్య ఉన్న 805 మంది మగవాళ్లు ఏం తింటున్నారో రాసుకుని, ఐదేళ్లు గమనించారు. ఫ్లేవనాయిడ్లు ఎక్కువగా తిన్నవాళ్లలో గుండెజబ్బు చావులు తక్కువగా ఉన్నాయి. వాళ్లకి అవి ఎక్కడి నుంచి వచ్చాయనుకున్నారు? ముఖ్యంగా టీ, ఆ తర్వాత ఉల్లిపాయలు, ఆపిళ్లు. సగటున రోజుకి 26 మిల్లీగ్రాములు. ఇరవై ఆరు! మీరు రోజుకి ఎంత మింగుతున్నారో ఒకసారి కూడండి. రెండింటికి వెయ్యి చొప్పున పొద్దున వెయ్యి, రాత్రి వెయ్యి. మొత్తం 2000. వంద గ్రాముల ఉల్లిపాయలో సుమారుగా 20 నుంచి 40 మిల్లీగ్రాముల క్వెర్సెటిన్ ఉంటుంది. అంటే మీరు రోజూ కనీసం ఐదు కిలోల ఉల్లిపాయల సారం మింగుతున్నారన్న మాట. తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్ పక్కనే పుట్టి పెరిగినవాడు కూడా అంత తినడు.

ఇంకో సంగతి. జూట్ఫెన్ పెద్దాయనలు ఆపిల్ తిన్నారు కాబట్టి గుండె బాగుందా, ఆపిల్ కొనుక్కుని తినే అలవాటున్న మనిషికి మిగతా అలవాట్లు కూడా బాగుంటాయి కాబట్టి గుండె బాగుందా? గమనించి ఊరుకునే అధ్యయనం ఈ రెండింటినీ పూర్తిగా విడదీయలేదు. తెలియాలంటే కొంతమందికి మందు, కొంతమందికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూడాల్సిందే.

అలా చూసినప్పుడు ఒక్కోసారి కథ తిరగబడుతుంది. క్యారెట్‌లో ఉండే బీటా కెరోటిన్ సంగతి చూడండి. అది ఎక్కువగా ఉండే కూరగాయలు తినేవాళ్లకి ఊపిరితిత్తుల కేన్సర్ తక్కువని చాలా అధ్యయనాలు చెప్పాయి. సరేనని ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే మగవాళ్లతో పెద్ద ప్రయోగం చేశారు. 1994లో ఫలితం వచ్చింది. బీటా కెరోటిన్ మాత్రలు వేసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల కేన్సర్ 18 శాతం ఎక్కువ. తగ్గలేదు సరికదా, పెరిగింది. క్వెర్సెటిన్ కూడా అలా చేస్తుందని చెప్పడం నా ఉద్దేశం కాదు. కూరలో ఉన్నప్పుడు మంచిగా కనిపించింది మాత్రలో కూడా మంచే చేస్తుందని ముందే నమ్మేయడానికి లేదని మాత్రం ఆ రోజు నుంచి మాలాంటివాళ్లకి గుర్తుండిపోయింది.

క్వెర్సెటిన్ కడుపులోకి వెళ్లాక ఏమవుతుందనేది కూడా తమాషాగా ఉంటుంది. ఉల్లిపాయలో అది ఒంటరిగా ఉండదు, చక్కెర అణువుతో జత కట్టి ఉంటుంది. డబ్బాల్లో వచ్చేది చాలావరకు ఆ జత లేని ఒంటరి పదార్థం. 1995లో డచ్ పరిశోధకులు పెద్దపేగు తీసేసిన తొమ్మిది మందితో లెక్క వేస్తే, ఉల్లిపాయ నుంచి సుమారు 52 శాతం, ఒంటరి క్వెర్సెటిన్ నుంచి 24 శాతం ఒంటికి పట్టింది. వంటింట్లోని సరుకే నయమన్న మాట. పట్టింది కూడా పట్టినట్టు ఉండదు. పేగు, కాలేయం దాన్ని దొరకబుచ్చుకుని, వేరే అణువులు తగిలించి, బయటికి పంపే ఏర్పాటు చేస్తాయి. రక్తంలో తిరిగేది ఆ మారిన రూపం. ‘ల్యాబ్‌లో కేన్సర్ కణాలు చచ్చిపోయాయి’, ‘ఎలర్జీ కణాలు శాంతించాయి’ అని డబ్బాతో పాటు వచ్చే కాగితాల్లో చదువుతారు కదా, అవన్నీ గాజు గిన్నెలో కణాల మీద అసలు క్వెర్సెటిన్ పోసి చూసినవి. మీ రక్తంలో ఆ రూపమూ లేదు, ఆ మోతాదూ లేదు.

అయితే మరి బీపీ మీద ఏమీ పనిచేయదా అంటే, కొంచెం పనిచేస్తుంది. దాచడం ఎందుకు? 2007లో అమెరికాలోని యూటాలో ఒక చిన్న ప్రయోగం జరిగింది. అప్పుడే బీపీ మొదలైన 22 మందికి రోజుకి 730 మిల్లీగ్రాముల చొప్పున 28 రోజులు ఇస్తే, పై అంకె 7, కింది అంకె 5 తగ్గాయి. బీపీ ఇంకా పూర్తిగా రాని, అంచున ఉన్నవాళ్లలో మాత్రం మార్పు లేదు. 2016లో ఇలాంటి ఏడు ప్రయోగాల్ని, మొత్తం 587 మందిని కలిపి లెక్క కడితే తగ్గుదల సగటున పై అంకెలో 3, కింది అంకెలో రెండున్నర దాకా తేలింది. రోజుకి 500 మిల్లీగ్రాములు, ఆపైన ఇచ్చిన చోటే అది కనిపించింది. మూడు పాయింట్లు! ఊరగాయ జాడీ, అప్పడాల డబ్బా పక్కన పెడితే అంతకంటే ఎక్కువే తగ్గుతుంది. ఉప్పు రోజుకి ఐదు గ్రాములు, అంటే ఒక టీ చెంచా దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పట్నుంచో చెబుతోంది. గుంటూరు జిల్లా మనిషికి ఈ మాట చెప్పడం కష్టమేనని తెలుసు. గోంగూర పచ్చడి మానేయమనను, రోజూ మూడు పూటలా మాత్రం వద్దు.

బీపీ అంకె సరే, గుండెపోట్లు తగ్గుతాయా? క్వెర్సెటిన్‌తో ఆ ప్రశ్నకి జవాబిచ్చేంత పెద్ద ప్రయోగం లేదు. దాని దాయాదులైన కోకో ఫ్లేవనాల్స్‌తో మాత్రం అమెరికాలో 21,442 మంది పెద్దవాళ్ల మీద మూడున్నరేళ్ల పైచిలుకు ప్రయోగం చేసి 2022లో ఫలితం ప్రకటించారు. గుండెపోటు, పక్షవాతం లాంటివన్నీ కలిపి చూస్తే తేడా నమ్మదగినంత రాలేదు. గుండెజబ్బు చావులు విడిగా చూస్తే తగ్గాయి. కానీ ప్రయోగం మొదట పెట్టుకున్న ప్రశ్న అది కాదు. ఆశ పెట్టుకోవచ్చు కానీ మందుచీటీ రాయడానికి అది చాలదు.

ఇప్పుడు మీకు మాత్రమే సంబంధించిన సంగతికి వస్తాను. ఏ జబ్బూ లేని నలభై ఏళ్ల మనిషి అడిగి ఉంటే ‘డబ్బు దండగ, కావాలంటే కొన్నాళ్లు వేసుకోండి’ అని రెండు ముక్కల్లో వదిలేసేవాణ్ణి. మీరు స్టెంట్ ఉన్న మనిషి. మూడు మందులు వాడుతున్నారు. క్వెర్సెటిన్‌కి రక్తంలోని ప్లేట్‌లెట్లు గుమిగూడకుండా చేసే గుణం కొంత ఉంది. బ్రొమెలైన్ అనాసలో ఉండే ఎంజైము, దానికీ ఆ గుణమే. ఆస్పిరిన్ చేసే పని అదే. ఒకే పనికి ముగ్గురు కూలీలు. అలా కలిసినప్పుడు మీలాంటివాళ్లలో రక్తస్రావం ఎంత పెరుగుతుందో కచ్చితంగా కొలిచి చూసినవాళ్లు లేరు. కొలవని ప్రమాదాన్ని మూడు పాయింట్ల బీపీ కోసం ఎత్తుకోవడం నాకు నచ్చదు. మీరు రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ గానీ, అవయవ మార్పిడి తర్వాత వాడే సైక్లోస్పోరిన్ గానీ వాడుతూ ఉంటే ఇంకా గట్టిగా చెప్పేవాణ్ణి. ఆ రెండింటి మోతాదుని క్వెర్సెటిన్ తారుమారు చేయగలదు.

అటార్వాస్టాటిన్ సంగతి చెప్పాలంటే ఒక పిట్టకథ చెప్పాలి. 1980ల చివర్లో కెనడాలో డేవిడ్ బెయిలీ అనే పరిశోధకుడు ఫెలోడిపిన్ అనే బీపీ మందు మద్యంతో కలిస్తే ఏమవుతుందో చూస్తున్నారు. మద్యం రుచి తెలియకుండా ఉండటానికి గ్రేప్‌ఫ్రూట్ అనే నిమ్మజాతి పండు రసంలో కలిపి ఇచ్చారు. చూస్తే మద్యం తాగినవాళ్లలోనూ, ఉత్త రసం తాగినవాళ్లలోనూ మందు రక్తంలో అనుకున్నదానికంటే కొన్ని రెట్లు ఎక్కువగా ఉంది! పండులోని పదార్థాలు పేగు గోడలో ఆ మందుని విరగ్గొట్టే ఎంజైముని పనిచేయకుండా చేశాయి. మొదట నేరం ఫ్లేవనాయిడ్ల మీద మోపారు. తర్వాత అసలు దోషులు అదే పండులో ఉండే ఫ్యూరానోకౌమరిన్లనే వేరే పదార్థాలని తేలింది. అదే ఎంజైము మీ అటార్వాస్టాటిన్‌ని కూడా విరగ్గొడుతుంది. గ్రేప్‌ఫ్రూట్ మన తెనాలి బజార్లో దొరకదు, కానీ దాని తల్లి మన పంపరపనసే. అందులోనూ ఆ పదార్థాలున్నాయి. ఎప్పుడో రెండు తొనలు తింటే ఏం కాదు, రోజూ గ్లాసుడు రసం తాగొద్దు. క్వెర్సెటిన్ ఆ పండంత పని చేస్తుందని కాదు. దానికీ ఈ ఎంజైములతో, మందుల్ని కణాల్లోంచి బయటికి తోసే పంపులతో లావాదేవీలున్నాయి. మొక్క నుంచి వచ్చింది కాబట్టి మందులతో పేచీ పెట్టుకోదని అనుకోవద్దని చెప్పడానికే ఇంత కథ.

మా పెద్దక్క ఇలాగే జ్ఞాపకశక్తికని గింకో క్యాప్సూళ్లు వేసుకునేది. అదీ ఫ్లేవనాయిడ్ల సరుకే. ఓ రోజు పన్ను పీకించుకొచ్చింది. రాత్రి పదకొండింటికి కూడా రక్తం ఆగలేదు, దూది మీద దూది కుక్కుకుంటూ కూర్చుంది. డాక్టరు ‘ఏం మందులు వాడుతున్నారమ్మా’ అని అడిగాడట. ‘ఏమీ లేవు’ అందట. అదేంటక్కా అంటే, ‘అవి మందులేంట్రా, ఆకుల పొడి’ అంది. రక్తం ఆగకపోవడం గింకో వల్లేనని నేను తేల్చి చెప్పలేను. కానీ ఆ ‘ఏమీ లేవు’ అన్న మాట మాత్రం ఎప్పటికీ మర్చిపోలేను. రేపు మీకు కంటి ఆపరేషనో, మీ ఆవిడకి మోకాలి ఆపరేషనో అన్నప్పుడు ఇలాంటి క్యాప్సూళ్ల సంగతి కూడా తప్పకుండా చెప్పండి. మామూలుగా రెండు వారాల ముందే ఆపమంటారు.

డబ్బా మీద భూతద్దం పెట్టి చూడండి. అమెరికా సరుకు కాబట్టి ఎక్కడో ఒక మూల చిన్న అక్షరాల్లో రెండు వాక్యాలుంటాయి. ఈ మాటల్ని ప్రభుత్వ సంస్థ పరిశీలించలేదనీ, ఈ వస్తువు ఏ జబ్బునీ గుర్తించడానికి గానీ, నయం చేయడానికి గానీ, రాకుండా ఆపడానికి గానీ ఉద్దేశించింది కాదనీ. 1994లో వచ్చిన చట్టం ప్రకారం అక్కడ అది రాసి తీరాలి. మందుకైతే పనిచేస్తుందని రుజువు చూపించాకే అమ్మాలి. ఇలాంటి సప్లిమెంట్లకి ఆ ముందస్తు అనుమతి అక్కర్లేదు. మన దేశంలో అమ్మే వాటి మీద కూడా ‘వైద్య అవసరాలకు కాదు’ అన్న అర్థం వచ్చే మాట ఇంగ్లిషులో ఉంటుంది. ముందువైపు గుండె బొమ్మ, వెనకవైపు ఈ మాట. కొందరు కంపెనీలవాళ్లు క్వెర్సెటిన్ జబ్బులు నయం చేస్తుందని రాస్తే మందుల్ని పర్యవేక్షించే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిక లేఖలు కూడా పంపింది.

ఇంకో లెక్క కూడా అక్కడే తప్పింది. రెండు క్యాప్సూళ్లు కలిపి ఒక మోతాదు అన్నది అక్కడి పద్ధతి. పొద్దునా రాత్రీ రెండేసి వేసుకుంటే జింక్ రోజుకి 60 మిల్లీగ్రాములు అయింది. పెద్దవాళ్లకి 40 దాటొద్దంటారు. నెలల తరబడి ఎక్కువైతే ఒంట్లో రాగి తగ్గిపోయి రక్తహీనత, కాళ్లూ చేతులూ తిమ్మిర్లు రావచ్చు. పది రోజులకి ఏం కాదు, టెన్షన్ పడకండి. క్వెర్సెటిన్ ఎక్కువ మోతాదులో కొందరికి తలనొప్పి, చేతుల్లో చిమచిమ తెస్తుంది. అలాంటివి ఉంటే ఆపగానే తగ్గిపోతాయి. దాన్ని కేన్సర్ రోగులకి నరంలోకి పెద్ద మోతాదులో ఎక్కించి చూసినప్పుడు కిడ్నీలు దెబ్బతిన్నాయి. నోటితో వేసుకున్నప్పుడు ఆ ప్రమాదం కనిపించలేదు గానీ, రక్తపరీక్షలో క్రియాటినిన్ ఎక్కువగా ఉన్నవాళ్లు, అంటే కిడ్నీలు బలహీనంగా ఉన్నవాళ్లు, దీని జోలికి పోకపోవడమే మేలు.

అమ్మగారి సంగతి. థైరాయిడ్ మాత్ర మహా పేచీకోరు. ఖాళీ కడుపున మంచినీళ్లతో ఒంటరిగా వేసుకోవాలి. కాఫీకి, టిఫినుకి అరగంట, వీలైతే గంట ఎడం ఉండాలి. కాల్షియం, ఐరన్ లాంటి ఖనిజాలైతే దాన్ని ఒంటికి పట్టనివ్వవు కాబట్టి నాలుగు గంటలు దూరం పెట్టమంటాం. జింక్ ఉన్న ఈ క్యాప్సూల్‌ని కూడా ఆ లెక్కలోనే వేయండి. ఆమె రెండూ ఒకేసారి వేసుకుంటున్నారేమో కనుక్కోండి. నా అనుమానం అదే, పొద్దున పూట మందులన్నీ ఒకే గుప్పిట్లో పోసుకోవడం మన ఇళ్లలో మామూలే.

పొద్దున లేవగానే తుమ్ములంటే దిండు, దుప్పట్లు, పరుపులో ఉండే దుమ్ము పురుగుల మీద అనుమానం. దుప్పట్లు వారానికోసారి వేడినీళ్లలో ఉతికించండి. ఎలర్జీ కణాల్ని క్వెర్సెటిన్ శాంతింపజేస్తుందని ల్యాబులో చూశారు, మనుషుల మీద చేసినవి చిన్నాచితకా ప్రయోగాలు. ముక్కులో కొట్టుకునే స్టెరాయిడ్ స్ప్రే అంతకంటే చాలా నమ్మకమైన వైద్యం. స్టెరాయిడ్ అనగానే భయపడతారు. సరిగ్గా కొట్టుకుంటే ఒంట్లోకి వెళ్లేది అతి తక్కువ. ఈఎన్‌టీ డాక్టరుకి చూపించండి. మోకాళ్లకి మాత్రం ఈ డబ్బా మీద ఆశ పెట్టుకోవద్దు. కీళ్లవాతం ఉన్న కొందరు ఆడవాళ్లలో పొద్దుటి బిగుతు కొంచెం తగ్గిందని ఒక చిన్న ప్రయోగం ఉంది. వయసుతో వచ్చే మోకాలి అరుగుదల వేరు, అది వేరు. కుర్చీలో కూర్చుని కాలు ముందుకి చాపి పది అంకెలు లెక్కపెట్టి దించే వ్యాయామం రోజూ చేయించండి. తొడ కండ బలపడితే మోకాలి మీద బరువు తగ్గుతుంది.

ఫ్లేవనాయిడ్లంటే నాకు పడదని అనుకోకండి. నారింజ జాతి నుంచి వచ్చే డయోస్మిన్, హెస్పెరిడిన్ కలిపిన మాత్రల్ని మొలలకి, కాళ్లలో ఉబ్బిన సిరలకి డాక్టర్లు రోజూ రాస్తూనే ఉన్నారు. మొక్కల పసుపు రంగు సరుకే మందుచీటీ ఎక్కింది. ఎందుకెక్కింది? ఏ జబ్బుకి, ఎంత మోతాదు, ఎన్ని రోజులు అన్నది ప్రయోగాలు చేసి తేల్చారు కాబట్టి. అన్ని రోగాలకీ మంచిదని వచ్చిన వాటిలో అలా ఒక్క రోగానికైనా నిలబడేవి చాలా తక్కువ.

క్వెర్సెటిన్ కావాలనుంటే వంటింట్లో చేయాల్సిన పని చిన్నదే. ఎక్కువగా ఉండేది ఎండు తొక్క కింద ఉన్న మొదటి పొరల్లో. గబగబా రెండు మూడు పొరలు ఒలిచి పారేసే అలవాటు మానుకోవాలి. తెల్ల ఉల్లి కంటే ఎర్ర ఉల్లిలో ఎక్కువ. వేయిస్తే పెద్దగా పోదు. ఉడికిస్తే నీళ్లలోకి దిగుతుంది. ఆ నీళ్లు పారబోసే వంట మనకెక్కడిది? ఉల్లిపాయ పులుసులోనూ, సాంబారులోనూ దిగినదంతా అన్నంలోకే వస్తుంది. ఆషాఢంలో మునగాకు తినాలని మా నాయనమ్మ పట్టుబట్టి పప్పులో వేయించేది. నాకైతే మిగతా పదకొండు నెలలు ఎందుకు వద్దో ఇప్పటికీ అర్థం కాదు. మీరు వాడే మూడు మందులకీ ఈ కూరలతో ఏ తగాదా లేదు. టెల్మిసార్టాన్ వాడేవాళ్లలో పొటాషియం కొంచెం పెరిగే వీలుంది కాబట్టి, కిడ్నీలు బాగోలేవని డాక్టరు ఎప్పుడైనా అని ఉంటే ఆకుకూరల లెక్క ఆయన్నే అడగండి.

మీ ఇంట్లో బీపీ మెషీన్ ఉంది కదా. వారం రోజులు పొద్దున రెండుసార్లు, రాత్రి రెండుసార్లు, నేను పైన చెప్పినట్టు కూర్చుని చూసుకుని ఒక కాగితం మీద రాయండి. మొదటి రోజు అంకెలు కొట్టేసి మిగతావాటి సగటు తీయండి. అది మీకు చెప్పాలా! ఆ కాగితం, మీ మందులచీటీ, ఈ డబ్బా మూడూ పట్టుకుని గుండె డాక్టరు దగ్గరికి వెళ్లండి. పది రోజులు వేసుకున్నానని, మూడు రోజులు మాత్ర సగం చేశానని మొహమాటపడకుండా చెప్పండి. తిడతారేమో, తిట్టనివ్వండి. సగటు నిజంగా బాగా తక్కువగా ఉంటే మాత్ర తగ్గించే సంగతి ఆయనే చూస్తారు.

క్యాప్సూళ్లు ఆపేస్తే అబ్బాయి మనసు నొచ్చుకుంటుందేమోనని మీకు అనిపించొచ్చు. ఇందులో అతని తప్పేం లేదు. నిజంగానే లేదు. పద్నాలుగు వేల పైచిలుకు కిలోమీటర్ల అవతల ఉన్న కొడుక్కి తండ్రి గుండె గురించి చేయగలిగింది ఏదో చేయాలనిపిస్తుంది, షాపులో డబ్బా కనిపిస్తుంది. ఫోన్‌లో చెప్పండి, ‘ఆస్పిరిన్‌తో కలిపి వద్దన్నారు నాన్నా’ అని. ఒక్క కారణం చాలు, ఈ జవాబంతా చదివి వినిపించక్కర్లేదు. విప్పని రెండో డబ్బా వెనక్కి తీసుకుంటారేమో అతనే కనుక్కుంటాడు. ఆదివారం వీడియోకాల్‌లో మీ బీపీ కాగితం అతనికి చూపించండి. లెక్క అతన్నే వేయమనండి.

ఉల్లి తొక్కల టీ గురించి అమ్మగారు అడిగారు. తొక్కలో క్వెర్సెటిన్ మెండుగా ఉన్న మాట నిజమే. ఆ నీళ్లకి వచ్చే ముదురు రంగు చాలామటుకు అదే, బట్టలకి రంగద్దడానికి కూడా వాడతారు. కానీ ఒక్కో గ్లాసులో ఎంత దిగిందో ఎవరికీ తెలియదు. పొలంలో కొట్టిన మందు నిలిచేది ఆ తొక్క మీదే. మసిలాగా నల్లగా కనిపిస్తుందే, అది బూజు. టీ పెట్టొద్దని చెప్పండి. తొక్కలు దొడ్లో కరివేపాకు మొదట్లో వేయమనండి.